వ్యాయామవేళ తల తిరుగుట

వ్యాయామము దేహమునకు మేలు చేయునని నిరూపించుటకు వేరొక వ్యాసము అక్కరలేదు. అయితే ఏ పాఠశాలలోనైనను ఆటల పోటీలు జరుగు దినమున ఈ క్రింది దృశ్యము కానవచ్చుచుండును. పరుగుపందెములో గెలుపుగీత దాటిన బాలుడు దాటినచోటనే నిలిచిపోవును. ఒక నిమిషము గడవకమునుపే వాని ముఖము పాలిపోవును. నుదుట చల్లని చెమట పట్టును. “కండ్లు తిరుగుచున్నవి” అని చెప్పి కూలబడును. వెంటనే గుంపు చేరును. ఒకరు చంకలు పట్టి లేపి నిలువబెట్టుదురు. ఒకరు నోట నీరు పోయుదురు. ఒకరు ప్రొద్దున ఏమియు తినలేదు కాబోలునందురు. మరియొకరు రక్తపు పోటు తక్కువయని తీర్పు చెప్పుదురు. ఈ మాటలలో కొన్ని నిజములు. ఈ పనులలో కొన్ని హానికరములు. ఏవి నిజములో, ఏవి హానికరములో, విద్యార్థులును వారి తలిదండ్రులును తెలిసికొనుట అవసరము. ఏలయనగా తల తిరుగుటలో పదింట తొమ్మిది విధములు భయపడవలసినవి కాకపోయినను, ఒక విధము మాత్రము ప్రాణాపాయమునకు ముందువచ్చు హెచ్చరిక. ఆ ఒకదానిని మిగిలినవానినుండి వేరుచేసి గుర్తించుటయే ఈ పాఠముయొక్క ముఖ్యోద్దేశము.

రక్తపు పోటు అననేమి?

చెరువునుండి పొలమునకు నీరు పారు కాలువను తలచుకొనుడు. చెరువు నిండుగ ఉండి, కాలువ గట్లు గట్టిగ ఉన్నయెడల నీరు చివరి మడివరకు పారును. చెరువు తగ్గినను, నడుమ మడవలన్నియు ఒక్కసారిగ తెరచినను, చివరి మడి ఎండును. మన దేహములో మెదడే అట్టి చివరి మడి. అదియును మెరకమీద నున్న మడి. మనుష్యుడు నిలిచియున్నప్పుడు మెదడు గుండెకు సుమారు ఒక అడుగు పైని ఉన్నది. గుండె రక్తమును ఆ ఎత్తునకు ఎక్కింపవలెను. రక్తము ధమనుల గోడలను ఒత్తు బలమునకే రక్తపు పోటని పేరు.

ఈ పోటు మూడు సంగతులపై ఆధారపడియున్నది. మొదటిది, గుండె నిమిషమునకెంత రక్తమును త్రోయుచున్నది? రెండవది, సన్నని ధమనులు బిగిసియున్నవా, సడలియున్నవా? మూడవది, దేహములో ప్రవహించు రక్తము మొత్తముమీద ఎంత యున్నది? గుండె త్రోపు తగ్గినను, ధమనులు మితిమీరి సడలినను, రక్తపు పరిమాణము తగ్గినను పోటు తగ్గును. ఈ మూడు మాటలు జ్ఞాపకముంచుకొన్నచో మిగిలిన పాఠమంతయు సులభముగ బోధపడును.

మెదడు దేహపు బరువులో నూటికి రెండు పాళ్లు మాత్రమే. అయినను మనము విశ్రాంతిగ నున్నప్పుడు గుండె త్రోయు రక్తములో నూటికి సుమారు 15 పాళ్లు దానికే చెందును. కండరములవలె మెదడు ఆహారమును దాచుకొని యుండలేదు. దానికి పోవు రక్తము కొంచెము తగ్గిన వెంటనే కండ్లకు చీకట్లు క్రమ్ముట, చెవులు హోరుమనుట, వికారము పుట్టుట, కాళ్లు తేలిపోవునట్లు తోచుట మొదలగు గుర్తులు కనబడును. రక్తము పూర్తిగ ఆగిపోయినచో పది సెకండ్లలోపుగనే స్మృతి తప్పును.

పోటును కొలుచుట

రక్తము గుండెనుండి బయలుదేరి దేహమంతయు తిరిగి గుండెకే వచ్చి చేరునని ఇంగ్లండు దేశపు వైద్యుడు విలియం హార్వే 1628లో ప్రకటించెను. అయితే ఆ రక్తము ఎంత బలముతో పారుచున్నదో మొట్టమొదట కొలిచినవాడు వైద్యుడు కాడు. ఆయన టెడింగ్టను అను ఊరి సంఘమునకు పాదిరిగా ఉండిన స్టీఫెన్ హేల్సు గారు. ఆయన ఒక ఆడుగుర్రపు తొడలోని ధమనికి ఇత్తడి గొట్టమును చేర్చి, దానిపై పొడుగైన గాజుగొట్టమును నిలువుగ అమర్చెను. రక్తము ఆ గాజుగొట్టములో గుండె మట్టమునకు పైని 8 అడుగుల 3 అంగుళముల ఎత్తునకు ఎక్కెను. ఈ పరిశోధనను ఆయన 1733లో అచ్చువేయించెను. మనుష్యుని ధమనిని కోయకుండ పోటును కొలుచుటకు చేతికి చుట్టు గాలిపట్టీని ఇటలీ దేశపు వైద్యుడు రివా రోచ్చి 1896లో కనిపెట్టెను. ఆ పట్టీ క్రింద చెవిగొట్టమునుంచి రక్తపు చప్పుడు వినుచు, పై అంకెను క్రింది అంకెను నిర్ణయించు విధానమును రష్యా వైద్యుడు కొరొట్కోవ్ 1905లో తెలియజేసెను.

పై అంకె గుండె ముడుచుకొనినప్పటి పోటు. క్రింది అంకె గుండె సడలినప్పటి పోటు. పెద్దవారికి 120, 80 అను అంకెలు మంచివని చెప్పుదురు. 90కిని 60కిని తక్కువైనచో తక్కువ పోటు అందురు. ఇచ్చట తలిదండ్రులు ఒక సంగతి గమనింపవలెను. అంకె చిన్నదైనంతమాత్రమున అది రోగము కాదు. సన్నని దేహము గలవారికిని, నిత్యము వ్యాయామము చేయువారికిని పోటు సహజముగనే తక్కువగ నుండవచ్చును. వారు ఏ బాధయు లేక ఆడుచు పాడుచు ఉందురు. పిల్లలకు పెద్దలకంటె తక్కువయే ఉండును. కావున విచారింపవలసినది అంకెను గూర్చి కాదు. బాధను గూర్చియు, అకస్మాత్తుగ పోటు పడిపోవుటను గూర్చియు. పండుకొనియున్నవాడు లేచి నిలిచిన మూడు నిమిషములలోపల పై అంకె 20 గాని, క్రింది అంకె 10 గాని తగ్గినచో వైద్యులు దానిని లెక్కలోనికి తీసికొందురు.

పరుగెత్తునప్పుడు ఏమి జరుగును?

విశ్రాంతిగ కూర్చుండినప్పుడు గుండె నిమిషమునకు సుమారు 5 లీటర్ల రక్తమును త్రోయును. అందు కండరములకు పోవునది సుమారు ఒక లీటరు. ఆరోగ్యవంతుడైన యువకుడు శక్తికొలది పరుగెత్తునప్పుడు గుండె నిమిషమునకు 20 లీటర్లును, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు త్రోయును. అప్పుడు నూటికి 80 పాళ్లు, అనగా పదునారు లీటర్ల వరకు, కండరములకే పోవును. కండరములలోని సన్నని ధమనులన్నియు మడవలవలె తెరచుకొనును. ఇన్ని మడవలు ఒక్కసారి తెరచుకొన్నయెడల పోటు పడిపోవలసినదే కదా? పడిపోదు. ఏలయనగా గుండె వేగము హెచ్చును. ప్రేగులకును మూత్రపిండములకును పోవు ధమనులు బిగిసికొనును. అందుచేత పరుగెత్తుచున్నవాని పై అంకె 160కిని, 180కిని, ఒక్కొక్కప్పుడు 200కును ఎక్కును. క్రింది అంకె ఇంచుమించు ఉన్నట్లే ఉండును. వ్యాయామమువలన పోటు హెచ్చుట సహజమనియు, వ్యాయామము నడుమ పోటు తగ్గుట అసహజమనియు ఇక్కడనే గుర్తుపెట్టుకొనుడు.

ఈ పనిలో గుండెకు ఒక సహాయకుడు గలడు. అది కాలి పిక్క. కాలిలోని సిరలయందు తలుపులవంటి పొరలు గలవు. అవి రక్తమును పైకి పోనిచ్చునే గాని క్రిందికి రానీయవు. అడుగు వేసినప్పుడెల్ల పిక్కలును తొడలును బిగిసి సిరలను పిండును. పిండినప్పుడెల్ల రక్తము గుండెవైపునకు ఎక్కును. కాలి కండరములను రెండవ గుండెయని కొందరనుట ఈ కారణముచేతనే.

నిలిచిపోయిన నిమిషము

ఇప్పుడు గెలుపుగీత దాటినచోటనే నిలిచిపోయిన బాలుని సంగతి ఆలోచింతము. పరుగు ఆగినది, కాని కండరములలోని మడవలు ఇంకను తెరచియే యున్నవి. పిక్కలు పిండుట మానివేసినవి. రక్తము కాళ్లలో నిలిచిపోవును. గుండెకు తిరిగివచ్చునది తగ్గును. రానిదానిని గుండె త్రోయజాలదు గదా! పోటు దిగజారును, మెరకమీది మడి ఎండును. బాలుడు కూలును.

పడినవాడు వెల్లకిల పండుకొన్నచో గుండెయు మెదడును ఒకే మట్టమునకు వచ్చును. కాళ్లలోని రక్తము గుండెకు చేరును. ఒకటి రెండు నిమిషములలో వానికి తెలివి వచ్చును. కాబట్టి ఆ పడుటయే వానికి మందు. అట్టివానిని జాలిచేత లేపి, చెరియొక ప్రక్క పట్టి నిలువబెట్టుట ఆ మందును త్రోసివేయుటయే యగును. ఇది మన ఆటస్థలములలో సాధారణముగ జరుగు పొరపాటు.

దీనికి నివారణము మిక్కిలి సులభము. గీత దాటిన పిదప నిలువక, కూర్చుండక, అయిదు మొదలు పది నిమిషములవరకు మెల్లమెల్లగ నడువవలెను. గెలిచినవానిని అభినందించువారు గీతయొద్దనే వానిని కౌగిలించుకొని ఆపివేయకూడదు. వానితోకూడ నడుచుచు అభినందింపవచ్చును. పోటీలు నడుపు పెద్దలు గీతకు అవతల చాలినంత చోటు గుంపు లేకుండ ఉంచుట మేలు.

డ్రిల్లులోను, ఉదయపు సమావేశములోను కదలక నిలిచిన పిల్లలు సొమ్మసిల్లుటకును మూలకారణమిదియే. మనము లేచి నిలిచినప్పుడు అర లీటరునకు మించిన రక్తము కడుపు క్రిందికిని కాళ్లలోనికిని దిగును. కదలని పిక్కలు దానిని ఎక్కింపవు. నిలిచియుండవలసివచ్చినప్పుడు చెప్పులలోనే కాలివ్రేళ్లు కదల్చుచు, మడమలు కొంచెము ఎత్తి దించుచు ఉండినచో బాధ తప్పును. అప్పటికిని కండ్లు మసకలు క్రమ్మినచో కాలిమీద కాలు మెలివేసి తొడలు గట్టిగ బిగింపవలెను, లేదా అక్కడనే కూర్చుండవలెను. సిగ్గుపడి నిలుచుటకంటె కూర్చుండుట వివేకము.

ఎండయు చెమటయు

ఎండలో పరుగెత్తువానికి కండరములతోపాటు చర్మము కూడ రక్తమును కోరును. దేహపు వేడిని బయటికి పంపుట చర్మముయొక్క పని. చెమట గంటకొక లీటరును మించి పోవచ్చును. ఆ నీరు రక్తమునుండియే గదా పోవలెను! అందుచేత మొదట చెప్పిన మూడు సంగతులలో రెండు ఒక్కసారిగ చెడును: ధమనులు సడలును, రక్తపు పరిమాణము తగ్గును. వేసవియందు కోస్తాలోను, రాయలసీమలోను, తెలంగాణములోను ఎండ 40 డిగ్రీలు దాటు దినములలో ఈ అపాయము మనకు మరింత దగ్గర.

1908వ సంవత్సరము జులై 24వ తేదీన లండనులో జరిగిన ఒలింపిక్ మారథాన్ పరుగులో ఇటలీ దేశస్థుడు డొరాండో పియెట్రి అందరికంటె ముందు క్రీడాస్థలమును ప్రవేశించెను. ఆ దినమున ఎండ గాఢముగ ఉండెను. అతడు త్రోవ తప్పి మరియొక వైపునకు తిరిగెను, పలుమారులు పడెను, అధికారులు లేవనెత్తి గీత దాటించిరి. కడపటి కొన్ని వందల గజములకు సుమారు పది నిమిషములు పట్టెను. పరసహాయము పొందెనను కారణమున బహుమానము మరియొకనికి పోయెను. మరునాడు అలెగ్జాండ్రా రాణి అతనికి వెండిగిన్నె నొకటి బహూకరించెను. ప్రపంచము అతని పట్టుదలను నేటికిని మెచ్చుకొనుచున్నది. మనము మెచ్చుకొనుటతోపాటు ఒక గుణపాఠమును కూడ గ్రహింపవలెను: దిక్కు తెలియక త్రోవ తప్పినవానిని పరుగెత్తింపరాదు.

1984 ఆగస్టు 5వ తేదీన లాస్ ఏంజెలెసులో స్త్రీలకు మొట్టమొదటిసారిగ ఒలింపిక్ మారథాన్ జరిగినది. అందు స్విట్జర్లండు తరఫున పరుగెత్తిన గేబ్రియేలా ఆండర్సన్ షీస్ కడపటి చుట్టును తూలుచు, ఒక ప్రక్కకు ఒరిగి, అయిదు నిమిషములకు పైగ నడిచి ముగించెను. ఆమెకు ఇంకను చెమట పోయుచుండుట చూచి వైద్యులు ఆమెను ఆపక ప్రక్కన నడిచిరి. పిమ్మట చికిత్స చేసిరి. ఆమె త్వరలోనే కోలుకొనెను. కాని చెమట ఉన్నంతమాత్రమున అపాయము లేదని తలచరాదు. పరుగెత్తువారికి వడదెబ్బ తగిలినప్పుడు చెమట పోయుచునే ఉండవచ్చును. చూడవలసిన గుర్తు బుద్ధి. పొంతనలేని మాటలు, త్రోవ తెలియకపోవుట, కారణములేని కోపము కనబడి, దేహము కాలిపోవుచున్నచో అది వడదెబ్బయని తలంచి, మొదట చల్లని నీటితో దేహమంతయు తడిపి, విసరుచు, పిమ్మట వైద్యశాలకు చేర్పవలెను. చల్లబరచుట ముందు, తరలించుట వెనుక.

ఎండకు దేహము అలవాటుపడుటకు వారము మొదలు రెండు వారములు పట్టును. సెలవుల పిమ్మట వచ్చిన పిల్లలచేత మొదటి దినముననే పూర్తి పరుగు పెట్టింపరాదు. ఉదయమును సాయంకాలమును సాధనకు తగిన వేళలు. చెమటతో నీరే కాక ఉప్పును పోవును గనుక ఉప్పు వేసిన పలుచని మజ్జిగయు, గంజియు, రాగి అంబలియు మన పెద్దలు మనకు అలవరచిన మంచి పానీయములు. అయితే దప్పికకు మించి కుండలకొలది వట్టినీరు త్రాగుటయు మంచిది కాదు. రక్తములోని ఉప్పు పలుచనై దానివలనను అపాయము కలుగును.

ఆకలి, రక్తహీనత, ఊపిరి బిగబట్టుట

రాత్రి భోజనము తరువాత ఏమియు తినక ఉదయము పరుగెత్తువారికి రక్తములోని చక్కెర తగ్గి, వణకును నీరసమును కలుగవచ్చును. ఇది పోటు తగ్గుట కాదు. అయినను తల తిరుగుట ఒకటే విధముగ నుండును. పరుగునకు గంట ముందు ఒక అరటిపండైనను, రెండు ఇడ్లీలైనను తినుట మేలు. కడుపునిండ తిని వెంటనే పరుగెత్తుట మాత్రము తగదు.

రక్తహీనత వేరు, తక్కువ పోటు వేరు. ఈ రెంటిని మన ఇండ్లలో ఒకటిగ చెప్పుకొందురు. తక్కువ పోటులో కాలువ వడి తగ్గినది. రక్తహీనతలో కాలువ పారుచునే యున్నది గాని అందలి సారము తగ్గినది, అనగా ప్రాణవాయువును మోయు పదార్థము తక్కువైనది. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలన ప్రకారము మన దేశమున 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నది. కావున ఒక బాలిక ఆటలో త్వరగ అలసి, ఆయాసపడి, తల తిరుగుచున్నదని చెప్పినచో సోమరితనమని గద్దింపక రక్తపరీక్ష చేయింపవలెను. పాఠశాలలలో వారమునకొకసారి ఇచ్చు నీలిరంగు ఇనుప మాత్రను పిల్లలు పారవేయక మ్రింగవలెను. ఆకుకూరలు, పప్పులు, రాగులు, మాంసము ఇనుమునిచ్చు ఆహారములు. వానితోకూడ నిమ్మకాయయో ఉసిరికాయయో తిన్నచో ఇనుము బాగుగ ఒంటబట్టును. భోజనముతోపాటు టీ త్రాగినచో తగ్గును.

బరువులెత్తువారు ఊపిరి బిగబట్టి ఎత్తుట కలదు. అప్పుడు రొమ్ములోని ఒత్తిడి హెచ్చి సిరలలోని రక్తమును గుండెకు రానీయదు. మొదట పోటు విపరీతముగ ఎక్కి, ఊపిరి విడిచినంతనే జారిపోవును. కండ్లు చీకట్లు క్రమ్మును. బరువు చేతిలో ఉండగనే పడినచో ఎముకలు విరుగును. ఎత్తునప్పుడు ఊపిరి విడుచుట, దించునప్పుడు పీల్చుట సరియైన పద్ధతి.

పరుగు నడుమ పడిపోవుట

ఇక ముఖ్యాంశము. ఇంతవరకు చెప్పినవానిలో పెక్కు పరుగు ఆగిన తరువాతనో, ఎండలో మిక్కిలి అలసిన తరువాతనో కలుగును. అట్లు కాక, కాళ్లు కదలుచుండగనే, పూర్తివేగముతో పరుగెత్తుచుండగనే, ముందు మసకలైనను క్రమ్మక ఒకడు ఒరిగిపోయినచో అది వేరు సంగతి. పరుగు నడుమ పోటు హెచ్చవలెనని పైని చెప్పితిమి. పిక్కలు పనిచేయుచుండగనే పోటు పడిపోయినదనగా లోపము కాళ్లలో లేదు, గుండెలో ఉండవచ్చును. కొందరికి పుట్టుకతో వచ్చిన లక్షణముచేత గుండె కండరము మితిమీరి దళసరియగును. కొందరికి గుండెకు రక్తమిచ్చు ధమనులు పుట్టుకతోనే తప్పుత్రోవను ఉండును. కొందరికి గుండెకొట్టుకొను లయ అకస్మాత్తుగ చెదరును. ఇట్టివారు చూచుటకు మిక్కిలి దృఢగాత్రులై, తరగతిలోకెల్ల మేటి ఆటగాండ్రై ఉండవచ్చును. అందుచేతనే ఎవరికిని అనుమానము కలుగదు.

2003 జూన్ 26వ తేదీన ఫ్రాన్సులోని లియోన్ పట్టణమున ఫుట్‌బాల్ ఆడుచు కామెరూన్ దేశపు ఆటగాడు మార్క్ వివియన్ ఫోయే ఎవరును తాకకయే మైదానము నడుమ పడి మరణించెను. అతని వయస్సు 28 సంవత్సరములు. గుండె కండరము దళసరియై యుండెనని మరణానంతర పరీక్షలో తెలిసెను. 2021 జూన్ 12వ తేదీన కోపెన్‌హేగెన్‌లో డెన్మార్కు ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ అట్లే పడెను. అతని గుండె ఆగెను. కాని ప్రక్కనున్నవారు ఆలస్యము చేయక రొమ్ము నొక్కి, విద్యుత్తు యంత్రముతో గుండెను మరల కొట్టుకొనునట్లు చేసిరి. అతడు బ్రతికి, గుండెను కాపాడు చిన్న యంత్రమును రొమ్ములో అమర్చుకొని, 2022లో మరల ఆటకు వచ్చెను. ఈ రెండు కథల మధ్య నున్న భేదములో తెలిసిన చేతులు వెంటనే చేసిన సాయమునకు గొప్ప పాలు ఉన్నది.

తలిదండ్రులారా, ఈ గుర్తులలో ఏ ఒక్కటి మీ బిడ్డయందున్నను ఉపాధ్యాయునికి దాచక చెప్పుడు: పరుగు నడుమ స్మృతి తప్పుట, పరుగులో రొమ్ము నొప్పి, గుండె దడదడలాడి లయ తప్పినట్లు తోచుట, తోడివారికి లేని ఆయాసము, వంశములో ఎవరైనను ఏబది ఏండ్లలోపుగనే అకస్మాత్తుగ మరణించుట. ఇట్టి బిడ్డకు వైద్యుడు గుండెపరీక్షలు చేసి సరియని చెప్పువరకు పరుగు నిలిపివేయవలెను. “ఇప్పుడు బాగుగనే యున్నాడు గదా, వచ్చే శనివారము పోటీ యున్నది” అని పంపరాదు. జ్వరములో ఉన్నవానిని కూడ పరుగెత్తింపరాదు. కొన్ని జ్వరములు గుండె కండరమును వాపుపరచును. పిల్లలారా, తల తిరుగుచున్నదని చెప్పిన తోడివానిని పిరికివాడని ఎగతాళి చేయకుడు. ఆ ఎగతాళికి వెరచి వాడు మరుమారు చెప్పక పరుగెత్తవచ్చును.

పడినవానికి చేయవలసిన సాయము

మొదట గుంపును తొలగించి గాలి రానిండు. భుజము తట్టి పిలువుడు. వాడు పలికి, ఊపిరి సరిగ తీయుచున్నయెడల నీడలో వెల్లకిల పండుకొనబెట్టి, కాళ్లను జానెడు రెండు జానల ఎత్తున ఉంచి, బిగువైన బట్టలు వదులుచేయుడు. తెలివి పూర్తిగ వచ్చువరకు నోట నీరుగాని, కాఫీగాని పోయవలదు. అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. వాంతి వచ్చునట్లున్నచో ప్రక్కకు త్రిప్పుడు. కోలుకొన్న తరువాత మొదట కూర్చుండబెట్టి, కొంతసేపటికి మెల్లగ లేపుడు. ఆ దినమున మరల పరుగు వలదు. చేతులు కాళ్లు కొద్దిగ కొట్టుకొనినంతమాత్రమున మూర్ఛరోగమని తలచి తాళపుచెవులు చేతబెట్టుచు కాలము పోగొట్టరాదు. ఊపిరి ఉన్నదా లేదా యని చూడవలెను.

పిలిచినను పలుకక, ఊపిరి లేక, లేదా ఎక్కిళ్లవలె ఎప్పుడో ఒకసారి మాత్రము గాలి తీసికొనుచున్నయెడల గుండె ఆగినదని తలంపవలెను. ఒకరు 108కి ఫోను చేయవలెను. మరియొకరు వెంటనే రొమ్ము నడుమ రెండు అరచేతులు ఒకదానిపై నొకటి యుంచి, మోచేతులు వంచక, పెద్దవారికి రెండంగుళముల లోతు దిగునట్లు, నిమిషమునకు 100 మొదలు 120 మారులు నొక్కుచుండవలెను. వైద్యసహాయము వచ్చువరకు ఆపరాదు. ఈ విద్యను ప్రతి ఉపాధ్యాయుడును, పెద్ద తరగతుల ప్రతి విద్యార్థియు శిక్షకుని యొద్ద చేతితో చేసి నేర్చుకొనవలెను. చదివినంతమాత్రమున చేయి తిరుగదు.

తరగతిలో చేయదగిన పరిశీలన

ఇద్దరిద్దరు జతగ కూడుడు. ఒకడు అయిదు నిమిషములు పండుకొనవలెను. రెండవవాడు మణికట్టువద్ద నాడిని అర నిమిషము లెక్కించి, రెండింతలు చేసి వ్రాయవలెను. పిమ్మట మొదటివాడు లేచి నిలువవలెను. ఒక నిమిషమైన తరువాత మరల లెక్కింపుడు. చాలమందికి నాడి పదియో యిరువదియో హెచ్చును. రక్తము కాళ్లలోనికి దిగినందున మెదడునకు లోటు రాకుండ గుండె వేగము హెచ్చించుకొనెనని దీని యర్థము. పరిశీలన నడుమ ఎవరికైనను తల తిరిగినచో వెంటనే కూర్చుండవలెను.

ముగింపు

ఈ పాఠమంతయు మూడు వాక్యములలో ఇమిడియున్నది. పరుగు ముగించినవాడు నిలువక నడువవలెను. పరుగు పిదప పడినవానిని లేపక పండుకొనబెట్టవలెను. పరుగు నడుమ పడినవానిని, కోలుకొన్నను, వైద్యునికి చూపక మరల పరుగెత్తనీయరాదు. మొదటిది విద్యార్థి పని. రెండవది తోడివారి పని. మూడవది ఉపాధ్యాయులును తలిదండ్రులును కలిసి చేయవలసిన పని.

ప్రశ్నలు

1. రక్తపు పోటు ఆధారపడియుండు మూడు సంగతులెవ్వి? ఎండలో వానిలో ఏవి చెడును?
2. కాలి పిక్కలు గుండెకు ఎట్లు తోడ్పడును?
3. సొమ్మసిల్లినవానిని నిలువబెట్టుట ఏల హానికరము?
4. రక్తహీనతకును తక్కువ పోటునకును గల భేదమేమి?
5. పరుగు ముగిసిన పిదప పడుటకును, పరుగు నడుమ పడుటకును గల భేదమును మీ ఇంటివారికి మీ మాటలలో వివరించి, వారడిగిన ప్రశ్నలను వ్రాసికొని రండు.